లోపలికి పీల్చే అవును

మా అన్నయ్య అల్గోట్ రోజంతా మాట్లాడే మాటలు ఒక చేతి వేళ్ల మీద తేలిపోతాయి. అందులో సగం కుక్కతోనే. మనుషులతో అయితే అవుననడానికి కూడా బద్ధకం. పెదాలు సున్నాలా చుట్టి, వేడి కాఫీ జుర్రినట్టు గాలిని లోపలికి లాగుతాడు. ష్వుప్. అవునన్నట్టే. అతన్ని ఒక్కణ్నీ అని ఏం లాభం, ఉత్తర స్వీడన్‌లో ఈ విందెల్ నది పొడుగునా మేమందరం అంతే. చర్చిలో పాస్టరుగారు అడిగినా మా పెళ్లికూతుళ్లు ష్వుప్‌మనే ఒప్పుకుంటారు.

అలాంటి మనిషి ఆగస్టు మొదటివారంలో ఓ ఉదయం నా వంటింట్లో కూర్చుని, నేనేమీ అడక్కుండానే నోరు విప్పాడు.

"రోలాండ్ వచ్చాడు. డాక్టరు కాగితం తేకపోతే ఈసారి ఏడో మంచె ఎక్కనివ్వడట."

రోలాండ్ మా వేట బృందానికి పెద్ద. ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం దుప్పుల వేట మొదలవుతుంది. ఆ రోజు అడవిలో ఎవరి మంచె వాళ్లది. ఏడో మంచె ముప్పై తొమ్మిదేళ్లుగా అల్గోట్‌ది. దాని మేకులు కూడా అతను కొట్టినవే.

"మరి నిన్నేం చెయ్యమంటాడు?"

"నిప్పు దగ్గర కూర్చోమంటాడు. కాఫీ కాయమంటాడు."

"అది నా పని కదా! ఇన్నేళ్లుగా నేను కాస్తున్న కాఫీకి ఏమొచ్చిందట?"

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. బల్ల కింద ఉన్న స్తీనా, అదే అతని కుక్క, లేచి అతని మోకాలి మీద మూతి పెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది, ఇది వేట సంగతి కాదు. ఫిబ్రవరిలో ఇంటి కప్పు మీద మంచు తోస్తూ గుండె పట్టుకుని కిందపడ్డాడు. మంచు కుప్ప మీద పడ్డాడు కాబట్టి ఎముకలు మిగిలాయి, స్తీనా అరిచింది కాబట్టి ప్రాణం మిగిలింది. అంబులెన్సు రావడానికి గంటంబావు పట్టింది. ఆ గంటంబావూ నేను అతని తల ఒళ్లో పెట్టుకుని తిడుతూనే ఉన్నాను. తిట్టడం ఆపితే ఏడుస్తానని భయం. అప్పట్నుంచీ ఊరంతా అతన్ని గాజుగ్లాసులా చూస్తోంది. ఇప్పుడు మంచె కూడా పోతే ఇక తను రోగి అన్నమాట ఖాయమని అతని బెంగ. అరవై ఎనిమిదేళ్లు పెద్ద వయసేం కాదు కదా. పెళ్లీ పెటాకులూ లేని మనిషికి ఆ అడవీ, ఆ కుక్కా తప్ప ఇంకేం ఉన్నాయి?

డాక్టరు ఒక దారి చూపించాడు. మామూలుగా అయితే సైకిలు తొక్కించి గుండెను పరీక్షిస్తారు. అల్గోట్ మోకాలు అందుకు పనికిరాదు. నీళ్లలో అయితే ఒంటి బరువు మోకాలి మీద పడదు కాబట్టి పరీక్ష మా ఈతకొలనులోనే పెట్టమన్నాడు. ముఖానికి మాస్కు కట్టి, ఎంత ఆక్సిజన్ వాడుతున్నాడో, గుండె ఎంత కొట్టుకుంటోందో చూస్తారు. మూడు మెట్లు. మొదటిది ఉత్త చేతులతో ఛాతీ లోతు నీళ్లలో నడక. రెండోది చేతుల్లో స్పాంజి డంబెల్స్. మూడోది వాటితో పాటు చీలమండలకి రెక్కల పట్టీలు. మూడో మెట్టుకి పడే శ్రమ, ఏడో మంచె దాకా బురదనేలలో కిలోమీటరున్నర నడవడానికి పడే శ్రమా ఇంచుమించు ఒకటేనట. గుండె నిమిషానికి నూట ఇరవై దెబ్బలు దాటకూడదు, ఛాతీలో నొప్పి రాకూడదు, ఊపిరి ఎగపోయకూడదు. దాటితే కాగితం ఇస్తారు.

"మన కొలను, మన నీళ్లు. ఇంకేంటి బెంగ?" అన్నాను.

అంత ధీమా ఎందుకంటే, ఆ కొలనులో నీటి వ్యాయామం నేర్పేది నేనే. ఇరవై రెండేళ్లుగా. నా పేరు గున్‌బ్రిట్, నా నోరు మంచిది కాదు, నా క్లాసుకి మాత్రం పదకొండు మంది ఆడవాళ్లు మంచు తుఫానులో కూడా వస్తారు. నీళ్లలో గుండె గట్టు మీద కంటే పది పదిహేను దెబ్బలు తక్కువ కొట్టుకుంటుందని వాళ్లందరికీ తెలుసు. నీళ్లు ఒంటిని అన్నివైపులా నొక్కి నెత్తురుని గుండెకి అందిస్తాయి, దాని పని తేలికవుతుంది. నడుముకి తేలే బెల్టు కట్టుకుంటే ఇంకా తేలిక, నీళ్లే మోస్తాయి. అందుకే కబుర్లు చెప్పుకోవాలన్న రోజున మావాళ్లందరూ బెల్టు కోసం ఎగబడతారు. చేతిలో డంబెల్ పడితే కథ వేరు. నీళ్లలోకి తొయ్యాలంటే బలం కావాలి, ఆక్సిజన్ కావాలి. కానీ మనిషి కంత్రీ జంతువు కదా, డంబెల్ పట్టుకోగానే వేగం తగ్గించేస్తాడు. లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకని టిక్కుటిక్కుమనే యంత్రం పెట్టి దాని వేగానికే కదలమంటాను.

పరీక్ష చేయడానికి వచ్చిన అమ్మాయి ఫిలిప్పా. ఫిజియోథెరపిస్టు, ముప్పై దాటి ఉంటుంది. దేశానికి దక్షిణపు కొసన ఉన్న స్కోనె నుంచి మార్చిలోనే మా వైపు వచ్చింది. మాటలు నోట్లో ఉడికిన బంగాళాదుంప పెట్టుకున్నట్టు ఉంటాయి గానీ మంచి పిల్ల. గట్టు మీద బల్ల వేసి, యంత్రం పెట్టి, గొట్టాలు సర్దుకుంటూ తలెత్తి చూసి నవ్వేసింది.

"అల్గోట్ గారూ, ఆ బెల్టు ఎక్కడిదండీ?"

మా అన్నయ్య నడుముకి నా క్లాసులో అన్నిటికంటే లావుపాటి బెల్టు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడు కొట్టేశాడో తెలియదు.

"నాదే," అన్నాడు.

"తీసెయ్యండి. దానితో అయితే మీ బదులు నీళ్లే పరీక్ష పాసవుతాయి."

విప్పి నా చేతిలో పెట్టాడు. దొంగ దొరికినందుకు చెవులు ఎర్రబడ్డాయి.

మొదటి మెట్టు చక్కగా గడిచింది. రెండో మెట్టులో డంబెల్స్ అందుకున్నాడు. యంత్రం టిక్కుటిక్కుమంటోంది, నేను గట్టు మీద ఇటూ అటూ తిరుగుతున్నాను. గుండె నూట పది, నూట పదిహేడు, నూట ఇరవై నాలుగు. ఫిలిప్పా వంగి, "ఊపిరి బానే ఉందా?" అని అడిగింది. ఉందన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ ఉందన్నాడు. ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. చటుక్కున యంత్రం ఆపేసి, "చాలు, బయటికి రండి" అంది.

మా ఇద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. "రెండు సంగతులు. ఒకటి, గుండె గీత దాటింది. వాడిన ఆక్సిజన్ అంత ఎక్కువేం కాదు, అయినా గుండె పరిగెత్తింది. ఆయన డంబెల్‌ని పట్టుకున్న తీరు వల్ల కావచ్చు. రెండోది, నాకు భయం వేసింది అదే, ఊపిరి అందటం లేదు. నేను అలాగే రాయాలి. కావాలంటే రెండు వారాల తర్వాత ఇంకోసారి పెడతాను."

నేను మొదటి సంగతి పట్టుకున్నాను, అది నాకు తెలిసిన విషయం కాబట్టి. రెండోది చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. కారెక్కగానే ఒళ్లు మండిపోయి అన్నయ్య మీద పడ్డాను.

"స్పాంజి ముక్కని తుపాకీ పట్టుకున్నట్టు పట్టుకుంటావా? పిడికిలి అంత బిగిస్తే గుండె పరిగెత్తక ఏం చేస్తుంది? చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాలా నీకు? రోజూ నాలుగేసి దాల్చిన చెక్క బన్నులు తినడం తెలుసు!"

"రెండు."

"ఏంటి?"

"బన్నులు. రెండే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కాను.

మర్నాటి నుంచి పొద్దున్న ఏడింటికి, క్లాసుకి గంట ముందు, అతన్ని నీళ్లలో దింపాను. వేళ్లు తెరవడం నేర్పాను. "పిడికిలి వద్దు. పల్చటి రొట్టెలకి పిండి అదుముతాం చూడు, అలా అరచెయ్యి ఆనించి తొయ్యి. పట్టు లేకపోయినా అది ఎక్కడికీ పోదు, నీళ్లు దాన్ని నీ చేతికే తిరిగి తెస్తాయి." అతనికి నమ్మకం కుదరలేదు. జీవితమంతా గొడ్డలీ రంపం తుపాకీ పట్టిన చెయ్యి, వదిలేసి పని చెయ్యమంటే ఎలా? వేలూ వేలూ ఊడదియ్యాల్సి వచ్చింది. మా క్లాసు ఆడవాళ్లు ముందుగానే వచ్చేసి గట్టు మీద వరసగా కూర్చుని వేడుక చూసేవాళ్లు. అందరిలోకీ పెద్దది మైవోర్, ఎనభై రెండేళ్లు, ఊరుకునే రకం కాదు.

"అల్గోట్, నువ్వు నా చెయ్యి కూడా ఎప్పుడూ అంత గట్టిగా పట్టుకోలేదేంటి?"

అతను చెవులదాకా నీళ్లలో మునిగిపోయాడు.

"బయటికి రా నాయనా, నీ పరువుతో పాటు నువ్వూ మునిగిపోతావు," అంది మైవోర్.

నాలుగో రోజుకి వేళ్లు తెరుచుకున్నాయి. అదే వేగం, అవే డంబెల్స్, గుండె మాత్రం నూట ఇరవై నాలుగు నుంచి నూట పదహారుకి దిగింది. పదో రోజుకి నూట పదకొండు. ఆక్సిజన్ సంగతి నా చేతి గడియారానికి తెలియదు గానీ అతని మొహం చెప్పింది. రంగు వచ్చింది. "బాగుందా?" అని రోజూ అడిగేదాన్ని. బాగుందనేవాడు. నేను సంతోషంగా కాఫీ పెట్టుకోవడానికి వెళ్లేదాన్ని.

రెండో పరీక్ష నాడు నా క్లాసుని మాన్పించలేదు. ఆడవాళ్లని కొలను అవతలి సగంలో పెట్టి చప్పుడు చెయ్యొద్దన్నాను. ఫిలిప్పా యంత్రం సర్దింది. అల్గోట్ బెల్టు లేకుండా, బుద్ధిమంతుడిలా దిగాడు.

మొదటి మెట్టు అయిపోయింది. రెండో మెట్టులో డంబెల్స్ మీద అరచేతులు ఆనించాడు, వేళ్లు ఆకుల్లా విప్పుకున్నాయి. నూట ఏడు. నూట పది. అక్కడే నిలబడింది. ఫిలిప్పా నావైపు చూసి కళ్లతోనే శభాష్ అంది. నాకు కొండెక్కినంత సంబరం. ఆమె వంగి అడిగింది.

"ఊపిరి బానే ఉందా అల్గోట్ గారూ?"

ఉందన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. తెర వంక చూసింది. "ఉందా?" అని మళ్లీ అడిగింది. ఉందన్నాడు మళ్లీ. ఆమె చెయ్యి మీట మీదికి వెళ్లింది.

"ఆపకు!" అని అరిచాను. నా అరుపుకి కొలను గోడలన్నీ మారుమోగాయి.

"ఆపాలండీ. మళ్లీ అదే. గుండె ఎంత బాగుందో, కానీ ఉన్నట్టుండి గుటుక్కున గాలి మింగుతున్నారు. ఈ గీత ఎలా లేచిందో చూడండి. నేను అడిగినప్పుడల్లా ఇంతే, సమాధానం చెప్పలేక ఎగపోస్తున్నారు."

"చెప్పాడుగా!"

"ఏం చెప్పారు?"

"అవునని. రెండుసార్లు. నువ్వు విన్లేదా?"

"గున్‌బ్రిట్ గారూ, ఆయన నోట్లోంచి ఒక్క మాట రాలేదు."

చెవుడేమిటే నీకు అందామని నోరు తెరిచాను. అంతలో తట్టింది. అతని అవును నోట్లోంచి రాలేదు. నిజమే. లోపలికి వెళ్లింది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు, ఇంట్లో గోడగడియారంలా చెవి పట్టించుకోవడం మానేసిన చప్పుడు, ఈ పిల్ల చెవికి చావు దగ్గరపడ్డ మనిషి ఊపిరిలా వినపడింది. ఆ ఒక్క చప్పుడు పట్టుకుని మా అన్నయ్యని నిప్పు దగ్గర కూర్చోబెట్టేసేవాళ్లే. నేనేమో పక్కనే నిలబడి బన్నుల మీద పడ్డాను. సిగ్గేసింది.

వివరించే ఓపిక నాకెప్పుడూ లేదు. కొలను అవతలికి తిరిగాను.

"ఆడవాళ్లూ! నీళ్లు బాగున్నాయా?"

ష్వుప్. పదకొండు నోళ్లు, ఒక్కసారి. పైకప్పు కింద గాలంతా వాళ్లే తాగేశారనిపించింది.

ఫిలిప్పా బిత్తరపోయి వాళ్లని చూసింది. మైవోర్ నీళ్లలోంచి చెయ్యెత్తింది.

"అమ్మాయ్, దాన్ని ఎగపోయడం అంటే నేను ఎనభై ఏళ్లుగా పోతూనే ఉన్నాను. ఇంకా అవలేదు."

ఆ పిల్ల చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అంటే దుకాణంలో ఆ అమ్మాయి... పోస్టు తెచ్చే ఆయన... మార్చి నుంచీ నేనేం అడిగినా అందరూ ఉలిక్కిపడుతున్నారనుకున్నాను. ఏదో అనకూడని మాట అనేస్తున్నానేమోనని ఇంటికెళ్లి కుమిలిపోయేదాన్ని. అందరూ అవును అంటున్నారా?"

"మేం అన్నిటికీ అవునే అంటాం తల్లీ, చప్పుడు చెయ్యం అంతే," అన్నాను. ఇంతకాలం ఒక్కర్తీ ఎంత బెదిరిపోయిందో తలుచుకుంటే జాలేసింది.

ఈ గోలలో మేం మర్చిపోయిన మనిషి ఒకడున్నాడు. అల్గోట్. యంత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది, అతను దాని వేగానికి అడుగులు వేస్తూనే ఉన్నాడు. ఆగమని ఎవరూ అనలేదు కదా. రెండో మెట్టుకి మూడు నిమిషాలైతే అతను ఏడు నిమిషాలు నడిచేశాడు. గుండె నూట పదకొండు.

ఫిలిప్పా గొంతు సవరించుకుంది. "కొత్త పద్ధతి. బాగుంటే ఏమీ అనొద్దు. బాగోకపోతే 'లేదు' అనండి. లేదు అనేది బయటికే కదా వస్తుంది మీ ఊళ్లో?"

అతను జవాబు చెప్పబోయి, గుర్తొచ్చి, పెదాలు బిగించి తలూపాడు.

చీలమండలకి రెక్కల పట్టీలు కట్టాం. మూడో మెట్టు. ఆ పట్టీలు నీళ్లని పట్టుకుని వెనక్కి లాగుతాయి, ఒక్కో అడుగూ బురదలోంచి బూటు పీకినట్టే ఉంటుంది. మొదటి నిమిషం, నూట పదమూడు. ఆక్సిజన్ గీత నిలకడగా పైకి పోతోంది, పోవాల్సిందే. రెండో నిమిషం, నూట పదిహేడు. ఆడవాళ్లు కదలడం మానేశారు. నూట పంతొమ్మిది. అతని పిడికిళ్లు చూశాను. బిగుసుకున్నాయి. ఏడో మంచెని పట్టుకుని వేలాడుతున్నట్టు పట్టుకున్నాడు డంబెల్స్‌ని.

అరవాలనిపించింది. అరిస్తే ఇంకా బిగిస్తాడు. ఫిబ్రవరిలో మంచు మీద తిట్టిన తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి, మింగేశాను. గట్టు అంచున మోకాళ్ల మీద కూర్చుని, అతనికి కనపడేలా నా చెయ్యి చాపి, వేళ్లు విప్పాను. ఒక్కోటీ.

నా చెయ్యి చూశాడు. చిటికెన వేలు విప్పాడు. తర్వాత ఉంగరం వేలు. నూట పంతొమ్మిది. నూట పదిహేడు. ఎడమ చెయ్యి కూడా తెరుచుకుంది. నూట పదిహేను. యంత్రం ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా వైపు ఆ అలవాటు లేదు. మైవోర్ మాత్రం గట్టిగా ముక్కు చీదింది.

ఫిలిప్పా మాస్కు తీసి అతని ఎదురుగా గట్టు మీద కూర్చుంది. "ఊపిరి అందలేదని మొదటిసారి రాసింది తప్పు, అది నా తప్పు. డాక్టరుగారికి ఇవాళే రాస్తాను. క్షమించండి."

అల్గోట్ మొహం తుడుచుకున్నాడు. ఆలోచించాడు. తర్వాత ఆ ఏడాది మొత్తానికీ నేను విన్న అతని అతి పెద్ద ప్రసంగం చేశాడు.

"నీ తప్పు కాదమ్మాయ్. నువ్వు విన్నావు. చాలామంది అసలు వినరు."

కాగితం నాలుగు రోజుల్లో వచ్చింది. ఫోను జేబులో ఉండాలి, పరిగెత్తకూడదు, దుప్పిని ఒంటరిగా లాగకూడదు అని మూడు షరతులతో. రోలాండ్ దాన్ని రెండుసార్లు చదివి మడిచి, "ఏడో మంచె" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం అన్నయ్యని ఇంటి దగ్గర దింపుతూ, కారు ఆపి, ఆర్నెల్లుగా నాలో ఉన్న ప్రశ్న అడిగాను.

"కప్పు మీంచి పడ్డ రోజు, నీకు భయమేసిందా?"

కిటికీలోంచి బయటికి చూశాడు. స్తీనా గేటు దగ్గర తోక ఊపుతోంది.

ష్వుప్.

ఇదివరకైతే నేను దాన్ని విని కారు స్టార్టు చేసేదాన్ని. ఇప్పుడు ఆ గాలి ఎంత లోతుకి వెళ్లిందో, ఛాతీలో ఎక్కడ ఆగిందో కూడా విన్నాను. "నాకూ వేసింది," అన్నాను. దిగేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. వదులుగా, వేళ్లు తెరిచి.

సెప్టెంబరు మొదటి సోమవారం తెల్లారేసరికి అడవంతా పొగమంచు. నేను నిప్పు రాజేసి కాఫీ కుండ ఎక్కించాను. పక్కన మొద్దు మీద వాకీటాకీ పెట్టుకున్నాను. రోలాండ్ వరసగా పిలుస్తున్నాడు. ఒకటో మంచె ఉన్నానంది. రెండు ఉంది. మూడు తుమ్మింది. నాలుగు, అయిదు, ఆరు.

"ఏడు? చేరావా?"

చప్పుడు లేదు. కాఫీ పొంగుతోంది, నేను చూడలేదు. ఎంత దూరం, కిలోమీటరున్నర, బురద. నా గుండె నీళ్లలో లేదు, గట్టు మీదే ఉంది, దాని ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటోంది.

"అల్గోట్, మంచె మీద ఉన్నావా?"

వాకీటాకీ గరగరలాడింది. తర్వాత వచ్చింది, చిన్నగా, తీరిగ్గా, గాలి లోపలికి వెళ్లే చప్పుడు.

"ఏడు ఉన్నాడు," అన్నాడు రోలాండ్. "ఎనిమిది?"

కుండని మంట మీంచి దింపాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అయినా పెదాలు సున్నాలా చుట్టి, ఆ చల్లటి గాలిని లోపలికంటా పీల్చుకుని, అదే మాట అన్నాను.